మీరడిగారు: పదేళ్లయినా నిండని ట్యాంకు మంచిదేనా?

ప్రశ్న: సార్ నమస్తే, మాది అరకు దగ్గర ఊరు. పదేళ్ల కింద సెప్టిక్ ట్యాంక్ కట్టించాం, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ట్యాంక్ ఖాళీ చేసే బండి పిలవలేదు, అసలు నిండనే లేదు, అడుగు వదిలేశాను ఇంక జన్మలో నిండదు అని మేస్త్రీ అప్పుడే చెప్పాడు. నిరుడు వెనక రెండు గదులేసి టూరిస్టులకి ఇస్తున్నాం. ఇప్పుడు కింద వీధోళ్లు వానలు పడితే ఊట నీళ్లు వాసనొస్తున్నాయి, మీ ట్యాంకే కారణం అని గొడవకొస్తున్నారు. నీళ్లు చూస్తే తేటగానే ఉన్నాయి సార్. తప్పు మాదేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, జన్మలో నిండదు అనే మాట మేస్త్రీలు గొప్పగా చెప్తారు, విని మనం మురిసిపోతాం, కానీ సరిగ్గా కట్టిన ట్యాంక్ కొద్ది రోజులకే నిండుతుంది, ఎప్పుడూ నిండే ఉండాలి కూడా. లోపలికి ఎన్ని నీళ్లొస్తే అన్ని నీళ్లు అవతలి పైపులోంచి ఇంకుడు గుంతకి పోతాయి, బరువైనదంతా మడ్డిగా అడుక్కి దిగుతుంది, జిడ్డు తెట్టులా పైన తేలుతుంది. రెండు మూడేళ్లకోసారి బండి రావాల్సింది ఆ మడ్డి కోసం. మీది అడుగు లేని గొయ్యి, దాన్ని ట్యాంక్ అనకూడదు.

మెత్తటి మట్టి ఉన్న చోట అయితే మురుగు నెమ్మదిగా దిగుతూ కొంత వడకట్టుకుంటుంది. మీ కొండల్లో చాలా చోట్ల ఖొండలైటు రాయి, పైన ఎర్రమట్టి ఉన్నా కిందికెళ్తే పగుళ్లే, పగుల్లో పడ్డ నీటికి వడకట్టు ఏముంటుంది, అలా జారుకుంటూ పోయి దారి దొరికిన చోట ఊటై పైకొస్తుంది, లేదా గెడ్డలో కలుస్తుంది. ఇంకుడు గుంతకీ తాగే నీటికీ కనీసం 18 మీటర్లు ఉండాలని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ల లెక్క, కానీ ఊటకి ఎగువన పగుళ్ల రాయి మీద ఉంటే ఆ 18ని కూడా నేను నమ్మను.

అయినా తప్పు మీదేనని ఇక్కడ కూచుని చెప్పలేను, ఎగువన పశువుల పాకలుండొచ్చు, ఇంకో ఇంటి గొయ్యి ఉండొచ్చు. ముందు ఊట నీళ్లు టెస్ట్ చేయించండి. తేటగా ఉండటం లెక్కలోకి రాదు, తాగే నీటిలో 100 మిల్లీలీటర్లకి మలంలో ఉండే ఈ-కోలై క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు, అది కంటికి కనపడదు కదా. హెచ్‌టూఎస్ సీసా అని ఉంటుంది, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే నల్లబడితే అనుమానించాల్సిందే, ఎండాకాలంలో ఒకసారి వానాకాలంలో ఒకసారి ఈ టెస్టు చేసి చూడండి. ఈలోపు కింద వీధోళ్లతో మీరే వెళ్లి మాట్లాడండి, తాగే నీళ్లు బాగా తెర్లనిచ్చి తాగమనండి.

టెస్టు ఏం చెప్పినా ఆ గొయ్యి మాత్రం మార్చాలి. బండితో ఖాళీ చేయించి, అడుగు కాంక్రీటు వేసి, గోడలు లోపలంతా సిమెంటు పూత, రెండు అరలు, మొదటిది పెద్దది. నీళ్లు బయటికిపోయే చోట టీ (T) ఆకారం పైపు మర్చిపోవద్దు, అది లేకపోతే తెట్టంతా గుంతలోకి పోతుంది. ఇంకుడు గుంత ఊట వైపు కాకుండా మట్టి లోతుగా ఉన్న వైపుకి మార్చండి, అంతా రాయే అయితే ఇంజినీరుని అడిగి కంకర ఫిల్టర్ పెట్టించండి. కప్పు మీద వాన నీళ్లు ట్యాంకులోకి రానివ్వొద్దు. గదులకి వంట కూడా మీరే చేస్తుంటే జిడ్డు ఆగడానికి వేరే చిన్న తొట్టి కావాలి.

కొత్తగా కట్టేవాళ్లకి ఒక మాట, ట్యాంక్ రోడ్డుకి మరీ పల్లంలో పెట్టకండి, బండి పంపు ఆరేడు మీటర్ల లోతుకి మించి పీల్చలేదు. అప్పుడు మనిషిని దించుదామా అనే ఆలోచనొస్తుంది, లోపల విషవాయువు, క్షణాల్లో ప్రాణం పోతుంది, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. ట్యాంక్ శుభ్రం చేయించడంలో సాయానికి 14420 ఫోన్ నంబరుంది.

ప్రశ్న: ట్యాంకులో బెల్లం, ఈస్టు వేస్తే మడ్డి కరిగిపోతుందట, నిజమేనా?

జవాబు: బెల్లం దాచుకోండి, పరమాన్నంలోకి పనికొస్తుంది. కావాల్సిన సూక్ష్మజీవులు మీరు రోజూ పంపిస్తూనే ఉన్నారు. వాటిని చంపే యాసిడ్, ఫినాయిల్ తగ్గించండి, బండి మానొద్దు.