కొత్త మౌల్డ్ ట్రయల్‌కి ముందు

అమ్మాయీ,

ప్లాస్టిక్ పార్టులు తీసే కొత్త మౌల్డ్ (అచ్చు) ట్రయల్ మొదటిసారి నీ చేతికి అప్పజెప్పారని తెలిసి చాలా సంతోషించాను. టెన్షన్ పడుతున్నావని కూడా అర్థమైంది. ఇన్నేళ్లు మౌల్డింగ్ మెషిన్ల మధ్య తిరిగి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను.

ముందు ప్లాస్టిక్ గింజల సంగతి చూసుకో. నైలాన్, ఏబీఎస్, పాలీకార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. నువ్వు వాడబోయే పాలీకార్బొనేట్‌ను 120 డిగ్రీల దగ్గర 3, 4 గంటలు ఆరబెట్టాలి. తేమ 0.02 శాతం లోపుకు దిగాలి. ఒకసారి డెలివరీ తొందరలో నేను గంటన్నరకే డ్రయ్యర్ ఖాళీ చేయించాను. పార్టు మీద, ప్లాస్టిక్ అచ్చులోకి దూరే గేటు దగ్గర మొదలై వెండి జరీలాంటి చారలు విసనకర్రలా విచ్చుకున్నాయి. పైకి కనబడేది అంతే, అసలు దెబ్బ లోపల తగిలింది. కరిగే వేడిలో ఆ తేమ ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపేస్తుంది. అసెంబ్లీలో స్క్రూలు బిగిస్తుంటే బాస్‌లు (స్క్రూ దిగే బోలు దిమ్మలు) టపటపా పగిలాయి. లాటు మొత్తం స్క్రాప్‌లోకి పోయింది.

మెషిన్ మొదలుపెట్టాక హోల్డింగ్ జోలికి, అంటే అచ్చు దాదాపు నిండాక ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నొక్కి పట్టే దశ జోలికి, వెంటనే పోకు. హోల్డింగ్ ప్రెషర్ తీసేసి, షాట్ సైజు (ఒక్కసారి అచ్చులోకి నెట్టే ప్లాస్టిక్) కొంచెం కొంచెంగా పెంచుతూ సగం సగం నిండిన పార్టులు తీయి. వాటిని టేబుల్ మీద వరసగా పేర్చి చూడు. ప్లాస్టిక్ ఎటు నుంచి వస్తోంది, రెండు పాయలు ఎక్కడ కలుస్తున్నాయి, గాలి ఎక్కడ ఇరుక్కుంటోంది, అన్నీ కళ్లకు కడతాయి. చివర్లో నల్లగా మాడిందంటే అక్కడ చిక్కిన గాలి నొక్కుడుకి వేడెక్కి కాల్చిందన్నమాట. వెంట్ (గాలి బయటికి పోయే సన్న దారి) శుభ్రం చేయించు, చివరి స్పీడు తగ్గించు. పార్టు 95 నుంచి 98 శాతం నిండాకే హోల్డింగ్‌కి మారాలి.

హోల్డింగ్ ఎంతసేపు ఉంచాలో త్రాసు చెబుతుంది. అర సెకను చొప్పున పెంచుతూ, రన్నర్ (గేటు దాకా ప్లాస్టిక్ తెచ్చే కాలువలో గట్టిపడ్డ ముక్క) విరిచేసి పార్టును మాత్రం తూచు. బరువు పెరుగుతూ పెరుగుతూ ఒకచోట ఆగిపోతుంది. అక్కడికి గేటు గడ్డకట్టినట్టే. ఆపైన పట్టుకున్న ప్రతి సెకనూ వృథా.

ఇంత చేసినా రిబ్ (గోడకు బలమిచ్చే పట్టీ) వెనక గుంట పడుతుంటే ప్రెషర్ పెంచి పెంచి ఫ్లాష్ (అచ్చు సందుల్లోంచి పొంగే ప్లాస్టిక్) తెచ్చుకోకు. రిబ్ మొదలు మందం గోడ మందంలో 50, 60 శాతం దాటిందేమో కొలువు. దాటితే డిజైనర్‌కి మొహమాటం లేకుండా చెప్పు. మందానికి సైకిల్ టైమ్‌లోనూ మూల్యం చెల్లిస్తాం. చల్లారే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 2 మిల్లీమీటర్ల గోడ 3 అయితే రెండింతలకు పైనే పడుతుంది.

సెట్టింగ్ ఒకసారికి ఒకటే మార్చు. మార్చాక కొన్ని షాట్లు పోనిచ్చి, మెషిన్ కుదురుకున్నాకే పార్టు చూడు. కొలతలు వేడివేడి పార్టు మీద తీసుకోకు, ఒక రోజు ఆగు.

ఇంకొకటి, ఇది మాత్రం ఎప్పుడూ మరచిపోవద్దు. పీవీసీ, అసిటాల్ అనే ప్లాస్టిక్‌లు ఒకే బ్యారెల్‌లో (గింజలు కరిగే మెషిన్ గొట్టంలో) కలవకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుట్టి, కరిగిన ప్లాస్టిక్ నాజిల్‌లోంచి ఎగజిమ్ముతుంది. పర్జ్ చేసేటప్పుడు, అంటే బ్యారెల్‌లోని పాత ప్లాస్టిక్‌ను బయటికి తోసేటప్పుడు, ఫేస్ షీల్డ్ లేకుండా ముందు నిలబడకు.

సగం నిండిన పార్టుల వరస ఫొటో తీసి పంపు, కలిసి చూద్దాం.

నీ మావయ్య