పెరడును ‘ఖాళీ స్థలం’ అని రాయనివ్వకండి

రోడ్డు వెడల్పు కోసం మీ పెరట్లో ఎనిమిది అడుగులు తీసుకుంటామన్నారని, గజానికి ఎంత వస్తుందని అడిగారు. గజం రేటు ఒక్కటే చూసుకుంటే మీరు నష్టపోతారు. మాకూ ఇదే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మాది విజయనగరం జిల్లాలో ఒక చిన్న పట్టణం. పెరట్లో నాన్న పాతిన పనస చెట్టు, రెండు కొబ్బరి చెట్లు, ఒక నుయ్యి ఉండేవి. ఒకరోజు పొద్దున్నే ఎవరో వచ్చి ప్రహరీ మీద ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లారు. తర్వాత కొన్నాళ్లకు టేపు పట్టుకుని కొలతలకు వచ్చారు. అమ్మ అప్పుడు పెరట్లో కూర్చుని పనసపొట్టు కొడుతోంది. వాళ్లు రాసుకున్నది నాతో చదివించుకుంది. ‘ఖాళీ స్థలం, 42 గజాలు’ అని ఉంది, అంతే.

అమ్మ కత్తిపీట పక్కన పెట్టి లేచింది. “ఖాళీ ఎక్కడుంది బాబూ? ఆ చెట్టుకి ముప్ఫై ఏళ్లు. వేసవిలో కుళాయి రాకపోతే నాలుగిళ్లవాళ్లు ఈ నూతి నీళ్లే తోడుకుంటారు. అవి రాయకుండా నేను సంతకం పెట్టను” అంది. వచ్చినాయన “చెట్లకేమీ రాదమ్మా, స్థలానికే ఇస్తారు” అన్నాడు. నేను అది నిజమే అనుకున్నాను. అమ్మ మాత్రం కదల్లేదు. అరగంట నిలబడి చెట్లు, నుయ్యి, గోడ పొడవు, ఆఖరికి గిలక స్తంభాలు కూడా రాయించాకే కాగితం వదిలింది.

తర్వాత తెలిసింది, అమ్మ అడిగినదంతా చట్టంలో ఉన్నదే. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం నేల మీదున్న కట్టడాలకు, చెట్లకు విడిగా విలువ కట్టాలి. 28వ సెక్షన్ ప్రకారం కొంత భాగం తెగిపోవడం వల్ల మిగిలిన స్థలానికి కలిగే నష్టాన్నీ చూడాలి. మీ సెప్టిక్ ట్యాంకు గీతకు ఆనుకుని ఉన్నా, గేటు మార్చాల్సి వచ్చినా రాతలో పెట్టండి. వీటన్నిటి మొత్తం మీద మళ్లీ నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము, ఇవ్వాలి. అంటే చెట్టుకి పదివేలు రాయిస్తే చేతికి ఇరవై వేలు. పనసను వంటచెరకు లెక్కన కట్టబోతే ఒప్పుకోకండి. బొబ్బిలి వీణలు చేసేది ఆ చెక్కతోనే.

ఇక గజం రేటు. చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లు తీసి, అందులో ఎక్కువ ధర ఉన్న సగానికి సగటు కడతారు. రిజిస్ట్రేషన్ల కోసం ప్రభుత్వం పెట్టిన విలువ అంతకన్నా ఎక్కువైతే అదే తీసుకుంటారు. ఇక్కడే నాకు కడుపు మండుతుంది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని మన వీధుల్లో అందరూ సగం ధరే కాగితం మీద చూపిస్తారు. ఒకడు మిగుల్చుకున్న నాలుగు డబ్బులకి రేపు రోడ్డు వచ్చినప్పుడు వీధి మొత్తం నష్టపోతుంది. మా ఎదురింటివాళ్లు అమ్మిన ధర నాకు తెలుసు, దస్తావేజులో ఉన్నదీ తెలుసు. మా రేటుని దెబ్బకొట్టింది ఆ దస్తావేజే.

డబ్బుకి బదులు టీడీఆర్ బాండ్, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే పత్రం, ఇస్తామని కూడా అంటారు. మీరు పైన అంతస్తు వేసుకునేవాళ్లయితే పనికొస్తుంది. లేకపోతే దాన్ని ఎవరైనా బిల్డరుకి అమ్ముకోవాలి. విశాఖలో కొంటారేమో గానీ మనలాంటి చిన్న ఊళ్లలో కొనేవాడిని వెతకడమే పెద్ద టెన్షన్. పెరడు పోయినవాళ్లకి డబ్బే ఇవ్వాలి, నా మాట ఇదే.

సమ్మతి పత్రం మీద మాత్రం వచ్చిన రోజే సంతకం పెట్టకండి. ‘ప్రభుత్వంతో గొడవెందుకు’ అనే బంధువులు మాకూ ఉన్నారు, వాళ్ల పెరళ్లు మాత్రం గీతకు అవతలున్నాయి. ఏ చట్టం కింద తీసుకుంటున్నారో రాతపూర్వకంగా అడగండి. భూసేకరణ చట్టం కిందైతే, ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. డబ్బు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయాలి. అది రాయకుండా తీసుకుంటే, పరిహారం పెంచమని 64వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టే హక్కు పోతుంది. అవార్డు, అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు, ఇచ్చేటప్పుడు మీరు అక్కడుంటే ఆ దరఖాస్తుకి గడువు ఆరు వారాలే.

మా చెట్టుకి తర్వాత ఉద్యానశాఖ మనిషి వచ్చి మొదలు చుట్టుకొలత తీసి విలువ వేశాడు. నూతికీ వేశారు. గిలక స్తంభాలకి రాలేదు, అమ్మకి ఇప్పటికీ ఆ బాధ ఉంది.

మీ ఇంటికి కొలతలకు ఇంకా రాకపోతే ఈరోజే ఫొటోలు తీసి పెట్టుకోండి. ప్రతి చెట్టునీ విడిగా తీయండి, నుయ్యి ఉంటే లోపల నీళ్లు కనబడేలా తీయండి.