జావాస్క్రిప్ట్ వేరియబుల్‌లో ఉన్నది సంఖ్యేనా అని ఎలా తెలుసుకోవాలి?

ఒంగోలు వేలం కేంద్రానికి తెచ్చే పొగాకు బేళ్ల బరువులను ఫారంలో నమోదు చేస్తున్నామని, వచ్చిన విలువ సంఖ్యేనా కాదా అన్నది, విలువ ఏ రకమో చెప్పే టైప్ఆఫ్‌తో తేలడం లేదని రాశారు.

టైప్ఆఫ్ ఒక్కటే చాలదు. సంఖ్య కాదని చెప్పే 'నాన్' విలువను కూడా అది 'నంబర్' అనే అంటుంది. జావాస్క్రిప్ట్ 2015 ప్రమాణంతో వచ్చిన నంబర్.ఈజ్‌ఫైనైట్ మేలు, నాన్‌నూ, అనంతాన్నీ రెంటినీ తిరస్కరిస్తుంది.

అయితే మీ అసలు చిక్కు వేరే చోట ఉంది. ఫారం గడి నుంచి చదివిన విలువ స్ట్రింగుగానే, అంటే సంఖ్యగా కాక అక్షరాల వరుసగానే వస్తుంది. 120 అని సరిగ్గా కొట్టినా నంబర్.ఈజ్‌ఫైనైట్ కాదనే అంటుంది. కాబట్టి ముందు ట్రిమ్‌తో అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేయండి. ఏమీ మిగలకపోతే అక్కడే ఆపండి. ఇది మరవకూడదు: నంబర్ ఫంక్షన్ ఖాళీ స్ట్రింగును సున్నాగా మారుస్తుంది. తూకం రాయని బేలు సున్నా కిలోలుగా లెక్కకెక్కితే నష్టపోయేది రైతు. ఆ తర్వాతే నంబర్‌తో మార్చి, ఈజ్‌ఫైనైట్‌కు ఇవ్వండి. విలువ సున్నా కంటే ఎక్కువా అన్నది కూడా చూడండి.

స్ట్రింగును సంఖ్యగా మార్చే మరో ఫంక్షన్ పార్స్‌ఫ్లోట్ జోలికి మాత్రం వెళ్లకండి. మొత్తం బరువు గడిలో "1,250" అని ఉంటే కామా దగ్గర ఆగిపోయి, 1 అని ఇస్తుంది. నంబర్ అయితే నాన్ ఇస్తుంది, పొరపాటు అప్పుడే బయటపడుతుంది.