అడవివరం గేటు దగ్గర మొదలుపెట్టు

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. జైల్లో గంజాయి మాన్పించే చికిత్స అయ్యాక కుర్రాడికి పర్సనాలిటీ టెస్ట్ పెట్టారు, 'మళ్ళీ వస్తాడు' అని తేలింది, చివర్లో వాడు వచ్చేశాడు. అక్కడే మనసు చివుక్కుమంది. స్కోరును నుదుటిరాత చేసేశావు.

నీ కథలో వాడిన ఆ పర్సనాలిటీ టెస్ట్, ఎంఎంపీఐ, 1943లో అమెరికాలోని మిన్నెసోటాలో అచ్చయింది. 1989లో సవరించాక 567 వాక్యాలు, ఒక్కోదానికీ అవుననో కాదనో చెప్పాలి. అప్పుడు కూడా కొలత అమెరికన్ల జవాబుల మీదే కట్టారు. అందులో నాలుగో స్కేలు ఇంట్లో గొడవలు, పోలీసులతో చిక్కులు లాంటివి చూస్తుంది. జైల్లో చాలామందికి అది ఎక్కువే వస్తుంది కదా! మరి వాళ్ళలో ఎవరు తిరిగొస్తారో అది ఎంతని చెప్పగలదు?

లెక్క వేసి చూడు. 100 మంది విడుదలై, 30 మంది మళ్ళీ కేసుల్లో పడ్డారనుకుందాం. టెస్ట్ 40 మందిని వేలెత్తి చూపితే, వాళ్ళలో 20 మంది నిజంగానే పడ్డారు. గుడ్డిగా చెప్పినదానికంటే నయమే. కానీ మిగతా 20 మంది నిలబడ్డారు, వాళ్ళకి మచ్చ మాత్రం మిగిలింది. టెస్ట్ మంచివాళ్ళన్న 10 మందేమో జారిపోయారు. టెస్ట్ దండగ అనను. ఎవరికి కౌన్సెలింగ్ ఎక్కువ కావాలో తెలుసుకోడానికి పనికొస్తుంది.

చాలా ఏళ్ళ కిందట ఒక జైల్లో ఇలాంటి టెస్టే చూశాను. చదువురాని పాడేరు వైపు కుర్రాడికి ఒకాయన ప్రశ్నలు చదివి వినిపిస్తున్నాడు. వాడు జవాబు చెప్పే ముందు ప్రతిసారీ వార్డరు మొహం చూస్తున్నాడు. "ఇంట్లోవాళ్ళ మీద కోపం వస్తుందా?" అంటే తల వంచుకుని, "మా అమ్మ ములాఖత్‌కి రాలేదండి" అన్నాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, 'అవును' దగ్గర టిక్ పెట్టాడు.

నీ కథ ఆ టిక్కులోంచి పుట్టాలి. అడవివరం జైలు గేటు దగ్గర వాణ్ణి నిలబెట్టు, చేతిలో బట్టల కవరుతో. హనుమంతవాక దాకా ఆటోకి డబ్బులున్నాయా? ఎవరొచ్చారు, అమ్మా, బైక్ మీద పాత స్నేహితుడా? పనికి పెట్టుకునేవాడు కేసు సంగతి అడిగాడా?

ఇంకోటి. కొద్దిపాటి సరుకుతో దొరికిన వ్యసనపరుణ్ణి, అతను ఒప్పుకుంటే, వెంటనే శిక్ష వేయకుండా కోర్టు చికిత్సకు పంపొచ్చని 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 39వ సెక్షన్ చెబుతోంది. నీ కథలో లాయరు ఆ మాటే ఎత్తలేదు.

చివరి పేజీ తిరగరాసి పంపు. వాడు మళ్ళీ జైలుకొచ్చినా నాకు అభ్యంతరం లేదు. బయట గడిపిన ఆ రోజులు మాత్రం నాకు చూపించు.

నీ అన్నయ్య