పోస్టింగులు, జూడా పని, నీట్ పిల్లలు: దేనికెంత సమయం?

ప్రశ్న: రాయలసీమలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న లేడీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాక, లేడీ డాక్టర్ల డ్యూటీ గదులు, రాత్రి సెక్యూరిటీ విషయంలో జూనియర్ డాక్టర్ల సంఘం (జూడా) సీనియర్లతో కలిసి తిరుగుతున్నాను. మా ఊళ్లో మెడిసిన్‌లో చేరిన మొదటి అమ్మాయిని నేనే. మండలంలో నీట్ రాసే పిల్లలు 40 మంది దాకా వాట్సాప్‌లో ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, కాదనలేను. మొన్న వార్డులో కేసు చెప్పమంటే నోరు పెగల్లేదు. ఏది వదులుకోవాలి?

జవాబు: ఏదీ వదులుకోనక్కర్లేదమ్మా. కానీ నోరు పెగల్లేదన్నావే, ముందు ఆ సంగతి చూద్దాం.

క్లినికల్స్‌లో, అంటే వార్డు పోస్టింగుల్లో, 80 శాతం హాజరు ఉండాలని నీకు తెలుసు. నీది హాజరు సమస్య కాదు. వార్డులో నిలబడి కూడా ఫోన్‌లోనే ఉంటున్నావని నాకు అనిపిస్తోంది. పుస్తకం రాత్రి రెండింటికైనా తెరవొచ్చు. గుండెలో మర్మర్ (మామూలుగా ఉండని శబ్దం) వినిపించే పెద్దాయన మాత్రం రేపటికి డిశ్చార్జి అయి వెళ్లిపోవచ్చు. పొద్దున వార్డులో ఉండే ఆ మూడు గంటలూ ఫోన్ ఆపేసి బ్యాగులో పెట్టు. రోజుకు ఒక్క రోగి దగ్గర కూర్చుని హిస్టరీ, అంటే జబ్బు వివరాలు, నీ చేత్తో రాసుకో, రౌండ్స్‌కు ముందే పీజీ అక్కకు ఒకసారి అప్పజెప్పు. కొన్నాళ్లు ఇలా చేస్తే ఆ బెరుకు పోతుంది.

జూడా పనిలో ప్రతి మీటింగుకూ వెళ్లకు. ఒక్క పని ఎంచుకుని దాన్ని చివరిదాకా తీసుకెళ్లు. ఏ డ్యూటీ గదికి గడియ లేదు, క్యాజువాలిటీ నుంచి లేబర్ వార్డుకు వెళ్లే దారిలో ఏ లైటు వెలగడం లేదు, రాత్రి ఎన్ని గంటల తర్వాత గార్డు కనిపించడు: ఇవన్నీ తేదీలతో సహా రాసిపెట్టు. సీనియర్ల సంతకాలతో సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. వైద్య సిబ్బందిపై దాడులకు శిక్ష వేసే చట్టం మనకు 2008 నుంచీ ఉంది. డాక్టర్ల భద్రత కోసం సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 20న నేషనల్ టాస్క్ ఫోర్స్ వేసింది. వాటిని ప్రస్తావిస్తూ రాసిన కాగితాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు. దీనికి వారానికి రెండు గంటలు చాలు.

ఇక నీట్ పిల్లలు. నీ సమయం ఎక్కువగా పోయేది ఇక్కడే. ఫిజిక్స్ డౌట్లు తీర్చడం మానెయ్, అది వాళ్ల లెక్చరర్ నీకన్నా బాగా చెప్తారు. నీ అవసరం నిజంగా పడేది మే నెలలో పరీక్ష అయ్యాక. 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలని చాలా ఇళ్లలో ఆఖరి నిమిషం దాకా తెలియదు. టెన్త్ మెమోలో ఒక పేరు, కుల ధ్రువీకరణలో ఇంకో పేరు ఉంటుంది. 15 శాతం ఆలిండియా కోటాకు కేంద్ర కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ)లో, రాష్ట్ర కోటాకు విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీలో విడివిడిగా రిజిస్టర్ కావాలని తెలియక అవకాశం పోగొట్టుకునేవాళ్లున్నారు. వెబ్ ఆప్షన్లు తమకు నచ్చిన వరుసలో కాకుండా, సీటు వస్తుందనుకున్న వరుసలో పెట్టేస్తారు. ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజుండే బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు కోసం పొలం అమ్ముదామనే తండ్రికి ఫీజు లెక్క చెప్పే మనిషి కావాలి. ఇవన్నీ దాటి వచ్చినదానివి కాబట్టి నీ మాట వింటారు. ఆ రెండు మూడు నెలలు వాళ్లకు గట్టిగా నిలబడు. మిగతా ఏడాదంతా ఆదివారం ఒక గంట చాలు. అందరూ అడిగేవాటికి ఒకసారి వాయిస్ మెసేజ్ పెట్టి, దాన్నే మళ్లీ మళ్లీ పంపు.

ఒక్క విషయం ఆదివారం దాకా ఆగదు. మార్కులు తగ్గి, బతకాలని లేదని ఎవరైనా మెసేజ్ పెడితే వెంటనే ఫోన్ చెయ్, ఇంట్లోవాళ్లకు చెప్పు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వు. ఆ బరువు నువ్వొక్కదానివే మోయకూడదు తల్లీ, నీ వయసూ చిన్నదే.

ఊరు నీమీద పెట్టుకున్న ఆశ నాకు అర్థమవుతుంది. కాదనలేకపోవడం నీ మంచితనం. అందుకే ఇంటర్నల్స్‌కు మూడు వారాల ముందే గ్రూపులో, జూడా సీనియర్లకూ చెప్పేయ్: 'పరీక్షలయ్యాక వస్తాను' అని. అడిగిన తర్వాత కాదనడం నీకు కష్టం, ముందే చెప్పడం కష్టం కాదు. ఈ లోపు నీ జూనియర్లలో ఇద్దరిని నీతో తిప్పుకుని పని నేర్పు. ఫైనల్ ఇయర్‌లోకి వచ్చేసరికి ఆ పిల్లల గ్రూపును వాళ్లే నడిపించగలగాలి.