తొమ్మిది పరుగులు ఎక్కడ పారేశారు?

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ప్రశ్నలు-జవాబుల శీర్షిక నీ నెత్తిన పెట్టారన్నమాట! కథలు రాసుకునేవాడికి ఇదేం ఖర్మ అనుకుంటున్నావు కదూ? నేనూ ఓ ఆర్నెల్లు అలాగే అనుకున్నాను. మాలతీ చందూర్ గారు నవలలు రాస్తూనే ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ దశాబ్దాల తరబడి నడిపారని గుర్తొచ్చాక సణుగుడు మానేశాను.

నువ్వు పంపిన జవాబులు చదివాను. లక్ష్మణ్ 281 కొట్టిన ఇన్నింగ్స్‌లో ద్రావిడ్ ఎంత కొట్టాడని ఒకాయన అడిగితే, ఓర్పు గురించి అరపేజీ రాశావు. 180 అన్న అంకె మాత్రం ఎక్కడా లేదు. పాపం, ఆయన ఎవరితోనో పందెం కాసి ఉంటాడు. ముందు అంకె చెప్పు. చోటు మిగిలితే 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్, ఫాలోఆన్, ఇద్దరూ కలిసి 376, నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు అని రాయి. ఓర్పు సంగతి చదివేవాడికే తెలుస్తుంది.

ఆ 376ని నేనొకసారి 367 అని రాసి పంపాను. వారం తిరక్కుండా నలభై కార్డులు. ఒకటి ఇప్పటికీ నా సొరుగులో ఉంది: ‘అయ్యా, తొమ్మిది పరుగులు ఎక్కడ పారేశారు?’

టీవీ ప్రశ్నల్ని వెక్కిరించకు. సీరియల్లో చచ్చిపోయిన కోడలు తిరిగొస్తుందా అని ఒక పెద్దావిడ అడిగితే, ‘రేటింగ్ పడిపోతే తప్పకుండా వస్తుంది’ అన్నాను. ‘మా ఇంట్లో సాయంత్రం మాట వినిపించేది ఆ పిల్లదొక్కటే బాబూ’ అని మళ్ళీ రాసింది.

ఉద్యోగాల ప్రశ్నలకి ఊరికే హుషారు పడకు. మావాడు క్రికెట్ అంటున్నాడు, చదువు మాన్పించమంటారా అని అడిగితే, లక్ష్మణ్ డాక్టరు చదువు కాదనుకుని బ్యాట్ పట్టుకోలేదా అని రాసేయాలనిపిస్తుంది. ఆయన అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు. ఉత్తరం రాసినాయన ఆటో నడుపుతాడు. పిల్లాడి వయసెంతో, జిల్లా జట్టు దాకా వచ్చాడో లేదో తెలియకుండా ఊ అనకు, ఊహూ అనకు. ఎవరిని కలవాలో చెప్పు, చాలు.

ఇక మనుషుల ప్రశ్నలు. అవి ఎప్పుడూ చివరే ఉంటాయి. మూడు క్రికెట్ ప్రశ్నలు గుండ్రంగా రాసి, నాలుగోది అడ్రసు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఇరికిస్తారు: ‘ప్రాణస్నేహితుడు అప్పు తీసుకుని ఫోనెత్తడం లేదు. మనుషులింతేనా?’ ఇంతే అనడం తేలిక. డబ్బు మాటెత్తకుండా ఒకసారి వాళ్ళింటికెళ్ళి టీ తాగి రమ్మన్నాను. అప్పు తీరిందో లేదో తెలీదు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి వచ్చినవన్నీ మళ్ళీ క్రికెట్ ప్రశ్నలే, అడ్రసు పక్కన చోటు ఖాళీ.

బుధవారం లోపు పేజీ పంపాలి కదా. ఆ 180 సంగతి ముందు చూడు.

ఆశీస్సులతో
అన్నయ్య