మెథడ్ డెవలప్‌మెంట్‌లోకి వస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మందుల్లో ఏముందో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌కి పద్ధతులు తయారుచేసే మెథడ్ డెవలప్‌మెంట్‌లో చేరుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఇన్నాళ్లూ ఎవరో రాసిన పద్ధతి ప్రకారం ఆ మెషీన్‌లోకి శాంపిల్ ఇంజెక్షన్లు వేశావు. ఇకమీదట ఆ పద్ధతి నువ్వే రాయాలి. దాన్ని ముక్కూమొహం తెలియని అనలిస్టు ఇంకో ల్యాబ్‌లో, ఇంకో మెషీన్ మీద నడుపుతాడు. అతని చేతిలోనూ అది నిలబడాలి.

కాలమ్ (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసే గొట్టం) బిగించే ముందే అణువు నిర్మాణం కాగితం మీద గీసుకో. యాసిడ్ గ్రూపు ఉందా, అమైన్ ఉందా, పీకేఏ (అణువుల్లో సగం అయాన్లుగా ఉండే పీహెచ్) ఎంత, దేనిలో కరుగుతుంది, యూవీని ఎక్కడ పీల్చుకుంటుంది? ఇవి తెలియకుండా మొదలుపెడితే చీకట్లో తడుముకోవడమే.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పీహెచ్ దగ్గర. బెంజోయిక్ యాసిడ్‌నే తీసుకో, దాని పీకేఏ 4.2. బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ కూడా 4.2 దగ్గరే పెట్టావనుకో, అణువుల్లో సగం అయాన్లుగా ఉంటాయి. ఆ రూపాన్ని సీ18 (నీటికి పొసగని పూత ఉన్న) కాలమ్ దాదాపు పట్టుకోదు. అక్కడ పీహెచ్ 0.1 పెరిగితే చాలు, రిటెన్షన్ (కాలమ్ అణువును పట్టి ఉంచడం) దాదాపు పదో వంతు మేర తగ్గిపోతుంది. అదే 2.5 దగ్గర పెడితే అంతే పొరపాటుకు ఒక శాతం కూడా కదలదు. అందుకే పీకేఏకి కనీసం ఒకటిన్నర, వీలైతే రెండు యూనిట్ల దూరంలో ఉండు. పీహెచ్‌ని ఆర్గానిక్ (అసిటోనైట్రైల్ లాంటి సాల్వెంట్) కలపకముందే చూడు, కలిపాక మీటరు చెప్పే అంకెను నమ్మలేం.

మొదటి రన్‌కి 150 × 4.6 మి.మీ. సీ18 కాలమ్, నిమిషానికి 1 మి.లీ., 20 నిమిషాల్లో అసిటోనైట్రైల్ 5 నుంచి 95 శాతానికి. ఒకటిన్నర నిమిషం దగ్గరే పీక్ (పదార్థం బయటికి వచ్చినప్పుడు గ్రాఫ్‌లో లేచే శిఖరం) వచ్చేస్తే కాలమ్ దాన్ని పట్టుకోనట్టే. ముందొచ్చే పీకులు చీలితే కాలమ్‌ని తిట్టకు, డైల్యుయెంట్ (శాంపిల్ కరిగించిన ద్రవం) చూడు. మొబైల్ ఫేజ్ (కాలమ్‌లో పారే ద్రవం) కంటే బలమైన సాల్వెంట్‌లో శాంపిల్ కరిగిస్తే అలాగే అవుతుంది. ఇంజెక్షన్ 20 నుంచి 5 మైక్రోలీటర్లకు తగ్గించి చూస్తే తేలిపోతుంది.

ఫాస్ఫేట్ బఫర్ నడిపిన కాలమ్‌లోకి నేరుగా వంద శాతం అసిటోనైట్రైల్ వదలొద్దు. ఉప్పు లోపలే పేరుకుని ప్రెషర్ ఎక్కుతుంది. ముందు 10 శాతం ఆర్గానిక్ కలిపిన నీటితో అరగంట కడుగు. ఆ మెథడ్ ఎప్పటికైనా మాస్‌కి (అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి) వెళ్తుందనిపిస్తే ఫాస్ఫేట్ జోలికే పోకు, 0.1 శాతం ఫార్మిక్ యాసిడ్‌తో మొదలుపెట్టు.

ఫోర్స్‌డ్ డిగ్రడేషన్‌లో (మందును కావాలని చెడగొట్టి చూసే పరీక్షలో) 5 నుంచి 20 శాతం విచ్ఛిన్నమైతే చాలు. పూర్తిగా నాశనం చేస్తే అసలు రాని మలినాల వెంట పడతావు. మెయిన్ పీక్ అందంగా కనబడినంత మాత్రాన దాని కింద ఇంకోటి లేదనుకోకు. పీడీఏలో (యూవీ స్పెక్ట్రం చూపే డిటెక్టర్‌లో) ప్యూరిటీ చూడు, యూవీ స్పెక్ట్రాలు దగ్గరగా ఉండే మలినాలుంటే మాస్‌లో కూడా చూడు.

రిజల్యూషన్ (రెండు పీకులు ఎంతగా విడిపోయాయో చెప్పే అంకె) 1.5 వచ్చిందని ఆగిపోకు, 2 దాటించు. కాలమ్ పాతబడేకొద్దీ అది తగ్గుతుంది. తర్వాత పీహెచ్ 0.2, ఉష్ణోగ్రత 5 డిగ్రీలు అటూఇటూ మార్చి, వేరే లాట్ (వేరే బ్యాచ్‌లో తయారైన) కాలమ్ మీద కూడా నడుపు. చెడిపోయిన రన్‌లన్నీ కారణంతో సహా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. ఈ పీహెచ్ ఎందుకు, ఈ కాలమ్ ఎందుకని రేపు ఆడిటర్ అడిగితే చూపించాల్సింది ఆ పేజీలే.